చివరిదాకా విన్న జడ్జి

జూలై 9, మంగళవారం. ముసురు. పొద్దున్నే సైకిలు చైనుకు నూనె వేశాను.

కోర్టులో ముసలమ్మ ఇంటి కేసు. జడ్జిగారు ఆమె చెప్పిందంతా గంటసేపు విన్నారు, రాసుకున్నారు. ఆమె మరిది తరఫు లాయరు అడ్డొస్తే, "ఆవిణ్ణి చెప్పనివ్వండి" అన్నారు. తర్వాత లోపలికెళ్లి, పావుగంటకు వచ్చి తీర్పు చదివారు. ఇల్లు మరిదికి పోయింది.

వరండాలో ఆమె నా చేయి పట్టుకుంది. "పోతే పోయిందిలే నాయనా. నా గోడు చివరిదాకా విన్నది ఈ మారాజొక్కడే. ఇలాంటాయన దగ్గర పనిచేస్తున్నావు, అదృష్టవంతుడివి."

"అవునమ్మా" అన్నాను.

ఆ తీర్పు నేను శనివారమే టైపు చేశాను. ఆమె మాట విన్నాక మారుస్తారనుకున్నాను. ఆ పావుగంటా ఆయన టీ తాగారు. కప్పు నేనే అందించాను. ఒక్క అక్షరం మారలేదు.

ఇంటికొచ్చి, తడిసిన చొక్కా ఆరేశాను.