వెనక మోగిన గంట

“నువ్వు సీటు ఇడ్సిపెడతావు, నాకు తెలుసు,” అంది నాగులమ్మ సైకిలెక్కుతూ.

“ఇడ్సనత్తా. రేపట్నుంచి నేను పనికి పోతే, గొర్ల కాడుండే మామకు సద్ది నువ్వే తీసకపోవల్ల గదా,” అంది కోడలు చౌడేశ్వరి.

వెనక్కి చూసుకుంటూ అప్పటికే రెండుసార్లు పడింది నాగులమ్మ. అందుకే పొట్టేలు మెడలో గంట తెచ్చి కోడలి చేతికి కట్టింది.

“ఇది మోగుతాంటేనే నువ్వు ఎనకుండావని నమ్ముతా.”

సైకిలు కదిలింది. పెన్న గట్టు చివరిదాకా వెనక గంట మోగుతూనే ఉంది.

దిగి చూస్తే, కోడలు బయల్దేరిన చోటే నిలబడి నవ్వుతోంది. గంట సీటు కింద వేలాడుతోంది.

“ఎంత మోసం చేస్తివే!”

నాగులమ్మ గంట విప్పి బొడ్లో దోపుకుంది. సైకిలు తిప్పి, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ వచ్చింది.

“ఇది పొట్టేలుకే కట్టు. మీ మామ సద్ది ఇట్ల తే.”