చర్మం కింద గాలి

గూడబాతు ఛాతీ మీద వేళ్ళు పెట్టి నొక్కగానే కరకరమంది. జూలో కొత్తగా చేరిన పశువుల డాక్టరు గుండె జారిపోయింది.

"చర్మం కింద గాలి చేరింది. లోపల కుళ్ళు మొదలైనట్టే," అన్నాడు.

ఇరవై ఏడేళ్ళుగా అక్కడ పక్షులకు మేత వేస్తున్న పెద్దాయన, పిట్ట పొడుగాటి ముక్కును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"గూడబాతులన్నీ ఇంతే సార్. ఒంటినిండా గాలి బుడగలే. ఇంత బరువున్న పిట్ట నీళ్ళమీద బెండులా తేలేది వాటి వల్లేగా! ముక్కు కింద సంచిలో ముల్లు గీసుకుంది, అందుకే రెండ్రోజులుగా తినట్లేదు. అదే మానుతుంది."

పనివాళ్ళు కిసుక్కుమన్నారు. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమయ్యా, చదివింది నువ్వా, నేనా?"

"మీరే సార్." ఆ గొంతులో కోపం లేదు. ఎందుకో గర్వం లాంటిది ఉంది.

డాక్టరు సూదితో గాలి లాగేసి, ఘాటైన మందు ఎక్కించాడు. మధ్యాహ్నానికి పిట్ట మెడ వాల్చేసింది.

డాక్టరు అన్నం డబ్బా మూత తియ్యలేదు. మేత గదిలో పెద్దాయనా తియ్యలేదు.

ఎవరూ లేనప్పుడు డాక్టరు మడుగు దగ్గరికి వెళ్ళాడు. గట్టు మీద ఎండ కాగుతున్న మరో గూడబాతును ఒడిసిపట్టి నొక్కాడు. కరకర. ఇంకోదాన్ని పట్టాడు. కరకర. పొద్దున బుట్టెడు చేపలు మింగిన పిట్టలే అన్నీ. సిగ్గుతో చితికిపోయాడు.

సాయంత్రం అధికారి వచ్చాడు. డాక్టరు ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఒక్క రిమార్కు పడితే చాలు, ఊడిపోతుంది.

"ఎలా చచ్చింది?"

డాక్టరు నోరు తెరిచేలోపే పెద్దాయన ముందుకొచ్చాడు. "పాడైన చేపలు చూసుకోకుండా వేశాను సార్. తప్పు నాదే."

"ఇన్నేళ్ళ సర్వీసు ఉండి ఇదా నీ నిర్వాకం? రేపట్నుంచి రాకు! ఏం డాక్టరు గారూ, చేపల వల్లేనా?"

డాక్టరు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"అంతే... అయ్యుంటుంది సార్."

పెద్దాయన ఖాకీ చొక్కా మడతపెట్టి, దాని మీద తాళాలు ఉంచి బయల్దేరాడు. గేటు దాకా వెనకే నడిచాడు డాక్టరు. కాళ్ళ మీద పడాలనుంది.

పెద్దాయన ఆగి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"ఇంటికెళ్ళాక మీ అమ్మ దగ్గర నోరు జారకురా, మోకాళ్ళ నొప్పులని నేనే మానేశానని చెప్తాను."