లెక్క సరిపోయింది

రెండు పడవలూ తిరిగొచ్చాయి. గైడ్ రాలేదు.

ఆ సంగతి జెట్టీ మీద ఉన్నవాళ్ళకి తెలిసేసరికి పోటు మొదలై గంట దాటింది.

"పెద్ద పడవలో ఎక్కారనుకున్నాను సార్," అన్నాడు చిన్న పడవ డ్రైవర్.

"చిన్నదాంట్లో ఎక్కిందనుకున్నాను," అన్నాడు పెద్ద పడవ సరంగు.

పెద్దాయన ఇద్దరి వైపూ చూడలేదు. దీవిలోని పన్నెండు కాటేజీలూ, పడవలూ, ఆ జెట్టీ అన్నీ ఆయనవే. కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చెయ్యమని మేనేజర్‌తో ఒక్క కేక వేసి, చెప్పులు వదిలేసి స్పీడ్ బోట్‌లోకి దూకాడు. చిన్న పడవ డ్రైవర్ ఆయన వెనకే దూకి ఇంజన్ తిప్పాడు.

అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఒక ఇసుకదిబ్బ ఉంది. ఆటు సమయంలో మూడు గంటలు మాత్రం పైకి తేలుతుంది. వేలకొద్దీ తెల్లపిట్టలు దాని మీద వాలతాయి. లోతు తక్కువ నీళ్ళలో తాబేళ్ళు ఈదుతుంటాయి. అది చూడ్డానికే జనం ఎక్కడెక్కడి నుంచో ఈ దీవికి వస్తారు. పోటు రాగానే దిబ్బ మాయమైపోతుంది.

స్పీడ్ బోట్ వెళ్ళేసరికి అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పిట్టలు కూడా లేవు.

చీకటి పడేవేళకి కోస్ట్ గార్డ్ వాళ్ళు పెద్దాయన్ని బలవంతంగా వెనక్కి పంపేశారు. ఆయన తిన్నగా డైనింగ్ హాల్లోకి వచ్చాడు. ప్యాంటు నడుము దాకా తడిసిపోయి ఉంది. అతిథులంతా అక్కడే ఉన్నారు. ఎవరూ ప్లేటు ముట్టుకోలేదు.

"ఎవరు? ఎవరి వల్ల జరిగింది ఇది? నాకు పేరు కావాలి," అన్నాడు.

"అయ్యో, ఎంత కంగారో చూడు," అని ఒకాయన పక్కనున్న భార్య చెవిలో గొణిగాడు. "మనిషి గురించి కాదే. రేపు పేపర్లో పడితే ఇక్కడికి ఈగ కూడా రాదని!"

ఆవిడ మొగుడి మాట వినలేదు. చేతిలోని ఫోన్‌నే చూస్తోంది. చివరికి లేచి వెళ్ళి దాన్ని పెద్దాయన ముందు పెట్టింది.

"ఇది నేను తీసిన ఫోటో అండీ. పడవ కదిలాక తీశాను."

ఫోటోలో దిబ్బ చివర చిన్న పసుపు చొక్కా. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. ఒక చేతిలో చెత్త సంచీ.

"టాటా చెబుతోందనుకున్నాం," అంది ఆవిడ. "మేమూ ఊపాం. అందరం ఊపాం."

పొద్దున బయల్దేరేటప్పుడు గైడ్ అందర్నీ నవ్వించింది. "చిప్స్ ప్యాకెట్ ఇసుకలో వదిలేస్తే తాబేలు పాపం మిమ్మల్నేమీ అనదు. నేను మాత్రం ఊరుకోను!" అని వేలు చూపించింది. అయినా వదిలేశారు. వాటిని ఏరడానికే రోజూ అందరికన్నా వెనక ఉండిపోయేది. ఏ పడవలో సీటు ఖాళీగా ఉంటే ఆ పడవ ఎక్కేది.

పెద్దాయన ఫోటోను చాలాసేపు చూశాడు. తర్వాత సరంగు దగ్గరికెళ్ళి చొక్కా పట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా పడవ నడుపుతున్నావు. తలలు లెక్కపెట్టడం రాదా నీకు?"

"టోకెన్లు చూశాను సార్. రోజూ చూసినట్టే."

"ఏం చూశావు? నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" చెంప మీద కొట్టాడు. సరంగు తల తిప్పుకోలేదు.

మేనేజర్ వచ్చి పెద్దాయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. నీళ్ళగ్లాసు చేతికిచ్చాడు.

అప్పుడే కోస్ట్ గార్డ్ ఆఫీసర్ లోపలికొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. హాల్లో ఎవరో ఏడ్చారు.

"క్షమించండి," అన్నాడు ఆఫీసర్ అందరితో. "రిపోర్టు రాయాలి. బయట అందరూ టోకెన్లంటున్నారు, అదేమిటి?"

చిన్న పడవ డ్రైవర్ చెప్పాడు. దిబ్బ మీద దిగేటప్పుడు ప్రతి అతిథీ తన టోకెన్‌ని పడవలోని బోర్డుకి తగిలించాలి. తిరిగి ఎక్కేటప్పుడు తీసి మెళ్ళో వేసుకోవాలి. బోర్డు మీద ఒక్క టోకెన్ మిగిలినా ఇంజన్ ముట్టుకోకూడదు. పదేళ్ళుగా అదే పద్ధతి. ఒక్క మనిషి కూడా దిబ్బ మీద మిగిలిపోలేదు.

"ఇవాళ?"

"రెండు బోర్డులూ ఖాళీ అయ్యాకే కదిలాం సార్. లెక్క సరిపోయింది."

"మరి గైడ్ టోకెన్?"

డ్రైవర్ సరంగు వైపు చూశాడు.

"గైడ్‌కి టోకెన్ లేదు," అన్నాడు సరంగు.

"అదేంటి? అందరికన్నా చివర ఎక్కే మనిషికే టోకెన్ లేకపోతే ఎలాగయ్యా?" ఆఫీసర్ రాయడం ఆపాడు. "వద్దన్నది ఎవరు?"

సరంగు తల దించుకున్నాడు. చెంప కందిపోయి ఉంది.

"అడుగుతున్నారుగా, చెప్పు!" పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. గొంతు పూర్తిగా పోయింది. "ఎవడు వాడు? వాణ్ణి బతకనివ్వను. పేరు చెప్పరా!"

"వద్దు సార్. వదిలెయ్యండి."

"చెప్పు!"

సరంగు కళ్ళు తుడుచుకున్నాడు.

"సీజన్ మొదలైన రోజు జెట్టీ మీద తనే వచ్చి నాకూ ఒక టోకెన్ కావాలని అడిగితే, 'మన దీవిలో నా కూతురు తిరగడానికి టోకెనెందుకే తల్లీ' అని నవ్వి పంపించేసింది మీరే సార్."