జల్లెడ మేడమ్‌కు సన్మానం

డెయిరీ యజమాని పాలు ఏడోసారి కూడా ఫెయిలయ్యాయి.

పిల్లల ఆసుపత్రికి పాలు పోయాలంటే ముందు ప్రయోగశాలలో పాసవ్వాలి. అక్కడ పాసవ్వాలంటే జల్లెడ మేడమ్‌ను దాటాలి. ఆ పేరు పెట్టింది పాల వ్యాపారులే. ఆవిడ సంతకం పడందే ఒక్క చుక్క కూడా ఏ పసివాడి గొంతులోకీ దిగదు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

ఫెయిలైతే కారణాలు రాసివ్వాలి. ఎన్నిసార్లయినా మళ్లీ పంపుకోవచ్చు. ఆ రూలు రాసినవాడెవడో మహానుభావుడు.

ఫెయిలైనవాళ్లలో కొందరు తిట్టారు. కొందరు మంత్రిగారి బావమరిది పేరు చెప్పారు. ఒకడైతే ఆవిడ స్కూటర్ టైర్లలో గాలి తీసి కసి తీర్చుకున్నాడు.

ఈయన మాత్రం తలుపు తట్టి, చేతులు జోడించి లోపలికొచ్చాడు.

“మేడమ్, తప్పు మాదే. కానీ ఎలా పట్టుకున్నారండీ? నేనే నాలుగుసార్లు చూసి పంపాను.”

“రిపోర్టులో రాశానుగా!”

“రాశారు. మిగతావాళ్లు ‘నాణ్యత లేదు’ అని రెండు ముక్కలు గీకి పారేస్తారు. మీరు పేజీన్నర రాశారు. ఇంత శ్రద్ధ ఎవరికుంటుందండీ? మీ రిపోర్టులన్నీ లామినేషన్ చేయించి దాచుకున్నా.”

ఆయన కళ్లల్లో నీళ్లు. నటన కాదు. నటనైతే ఆవిడ ఇట్టే పసిగట్టేసేది.

తన రిపోర్టును చివరిదాకా చదివిన మొదటి మనిషి! ఇంట్లో మొగుడు సరుకుల చీటీ కూడా సగమే చదివి వస్తాడు. ఆవిడ పొంగిపోయి టీ తెప్పించింది. మీగడలో నూనె ఎలా తెలిసిపోయిందో, గంజిపొడి ఎక్కడ బయటపడిందో, సబ్బు నురగ తనకెందుకు అనుమానం తెప్పించిందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన నోటుపుస్తకంలో బుద్ధిగా రాసుకున్నాడు.

“ఈసారి ఆ తప్పు జరగదు మేడమ్.”

జరగలేదు. ఎనిమిదోసారి వేరే తప్పు జరిగింది. పదకొండోసారికి ఒక్కటే తప్పు మిగిలింది. ప్రతిసారీ దండం, పొగడ్త, నోటుపుస్తకం. ఆర్నెల్ల కిందట, పన్నెండోసారి, పాలు పాసయ్యాయి. ఆవిడ నమ్మలేక మళ్లీ మళ్లీ పరీక్షించింది. వంక పెట్టడానికి వెంట్రుకవాసి సందు కూడా దొరకలేదు.

“మనిషిని మార్చానండీ,” అంది ఆ సాయంత్రం భర్తతో. అప్పటినుంచి ఆసుపత్రికీ ఆ పాలే, ఆవిడ ఇంటికీ ఆ పాలే.

ఇవాళ డెయిరీలో ఆవిడకు సన్మానం. తను తాగే పాలిచ్చే ఆవును చూడాలని అయిదేళ్ల మనవరాలు కూడా వెంటపడి వచ్చింది.

డెయిరీ అద్దంలా ఉంది. నేలమీద మరక లేదు. పేడ వాసన లేదు. వెతికినా ఒక్క ఈగ కనబడలేదు. “శుభ్రతంటే ఇదీ!” అని ఆవిడ మురిసిపోయింది. హాలు గోడకు ఆవిడ ఫోటో, దానికింద వరసగా పన్నెండు రిపోర్టులు.

యజమాని మైకు అందుకున్నాడు.

“అందరూ ఈవిణ్ణి మా శత్రువన్నారు. కాదండీ, గురువు! ఒక్కసారైనా చూసీచూడనట్టు వదిలేసి ఉంటే మేం ఇవాళ ఇంతవాళ్లమయ్యేవాళ్లమే కాదు.”

చప్పట్లు మోగాయి. ఆవిడ కళ్లు తుడుచుకుంది. మనవరాలు గ్లాసెడు పాలు గటగటా తాగేసి, మూతికి తెల్లటి మీసంతో ఆవిడ చెయ్యి లాగింది.

“అమ్మమ్మా, ఆవులేవీ?”

పక్క కుర్చీలో ఉన్న యజమాని తల్లి పాప బుగ్గలు నిమిరి, నిండు మనసుతో జవాబు చెప్పింది.

“ఇంకా ఆవులెక్కడివే బంగారం, మీ అమ్మమ్మ పుణ్యమా అని మావాడు వాటన్నిటినీ అమ్మేసి ఏడాది దాటింది!”