గబ్బు

మేడ మీది నిమ్మచెట్టును చూడగానే అనసూయకు ఒళ్లు జలదరించింది.

కుండీలో పెరిగిన ఆ చిన్న చెట్టుకు చిగురన్నది మిగల్లేదు. నిన్నటిదాకా పిట్టరెట్టలు అనుకుని వదిలేసినవి ఈరోజు కదులుతున్నాయి. వాటిలో కొన్ని అప్పుడే పచ్చబడి, చిటికెన వేలంత లావున బలిసి, ఆకు అంచు పట్టుకుని ఆపకుండా నములుతున్నాయి. కింద గచ్చు నిండా వాటి పెంటికలు. ఒకటి ఆమె చెప్పు కింద మెత్తగా నలిగింది.

"థూ, ఏమి గలీజప్పా," అంది కాలు విదిలించుకుంటూ.

ఊరి మురుగంతా కలిసే వర్తూరు చెరువు మీది నుంచి గాలి ఇటు తిరిగింది. పక్కమేడ పద్మావతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆరేసిన బట్టలు గబగబా లాక్కుని లోపలికి పోయింది. అనసూయ పురుగుల్నే చూస్తూ నిలబడింది.

భర్త గురుమూర్తి మందు డబ్బాతో పైకి వచ్చాడు. అనసూయ సాంబారు పొడి అంగడి మూసేసి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి వంటా వార్పూ, చెట్టూ చేమా అన్నీ ఆయనే చూసుకుంటున్నాడు. ఏం వండి పెట్టినా ఆమె మాట్లాడకుండా తింటుంది.

"పక్కకు జరుగు. మందు కొడితే అన్నీ రాలిపోతాయి."

"ఉండు. ఈ లావుదాన్ని మాత్రం నేనే పీకి పారేస్తా."

ఎండుపుల్ల తీసుకుని దాని వీపు మీద పొడిచింది. నీళ్లు నింపిన తిత్తిలా మెత్తగా లోపలికి పోయింది. అసహ్యంతో ఆమె పళ్లు బిగుసుకున్నాయి. పురుగు తల వెనక్కి విరిచింది. మెడ వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు, తడితడిగా, పాము నాలుకలా బయటికి పొడుచుకొచ్చాయి.

ఆ వెంటనే కొట్టింది గబ్బు. పుల్లగా, రోజుల తరబడి కాచకుండా వదిలేసిన వెన్నలా. ఆమె పరుగున పిట్టగోడ మూలకు పోయి, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ కక్కేసింది.

"వాటి జోలికి పోవద్దంటే వినవు. పో, కిందికి పోయి పడుకో," అంటూ గురుమూర్తి మందు గొట్టం ఎత్తాడు.

అనసూయ మూతి తుడుచుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"కొట్టద్దు."

"ఏమైంది నీకు?"

ఆమె మళ్లీ వంగింది. ఈసారి ముక్కు దాదాపు పురుగుకు ఆనించి, పుల్లతో పొడిచింది. మళ్లీ కొమ్ములు, మళ్లీ అదే కుళ్లు. డోకు వచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. అయినా మొహం పక్కకు తిప్పలేదు.

అలికిడికి కూతురు స్పందన పైకి వచ్చింది. వ్యవసాయ కాలేజీలో చదువుతోంది.

"ఏం చేస్తా ఉండావు మా? అది సీతాకోకచిలుక పురుగు. చీమలు దగ్గరికి రాకుండా ఆ గబ్బు వదుల్తుంది. పెద్దదయ్యే కొద్దీ ఇంకా ఘోరంగా ఉంటాది."

"గబ్బేనా?" అనసూయ కూతురి చెయ్యి పట్టి దగ్గరికి లాగింది. "నువ్వు చూసి చెప్పు. చెడిపోయిన వెన్న మాదిరి ఉండాదా?"

స్పందన వంగి, వెంటనే ముక్కు మూసుకుంది. "అబ్బ, అవును మా. చెడిపోయిన వెన్న మాదిరే..."

మాట మధ్యలో ఆపేసి తల్లి మొహంలోకి చూసింది.

అనసూయ ఆ పెంటికల మధ్యే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. గురుమూర్తి మందు డబ్బా కింద పెట్టి, మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

కరోనా జ్వరం తగ్గి మంచం దిగిన రోజు నుంచి, ఆమె ముక్కుకు ఒక వాసనంటూ తెలియడం ఇదే మొదటిసారి.