పురుగు పట్టే పద్ధతి

“ఈ సైటు ఇవాళతో మూసేస్తున్నాను,” అన్నాడు ప్రోగ్రామరు, మౌసు మీద వేలుంచి.

“మూసెయ్యండి. సెలవు రోజైనా మనుషుల్లో కూర్చుంటారు,” అంది భార్య. అంటూనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “ఇంతకీ ఇప్పుడేమొచ్చిందట?”

“నాలుగేళ్లుగా రాస్తున్నాను. ప్రోగ్రాములు, కర్రబొమ్మలు చెక్కడం, సైకిలు విప్పి బిగించుకోవడం, కొత్త ఆలోచన ఎలా పుడుతుందో... నా బుర్రలో ఉన్నదంతా అందులోనే కుమ్మరించాను. ఒక్కడంటే ఒక్కడు చదివానన్నాడా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.”

భార్య ఏదో అనబోయేంతలో బెల్లు మోగింది.

గుమ్మంలో ఒక పెద్దాయన, గోళ్ల నిండా మట్టి. “పురుగుల గురించి రాసేది మీరేనా బాబూ? సైటు అడుగున చిరునామా ఉంటే వెతుక్కుంటూ వచ్చాను. నాది మొక్కల నర్సరీ.”

ప్రోగ్రామరు ఆయన్ని లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. ప్రోగ్రాములో దొర్లే తప్పుని ఆ వృత్తిలో ‘బగ్’ అంటారు. తెలుగు మీద ప్రేమకొద్దీ ఇతగాడు దాన్ని ‘పురుగు’ చేశాడు. ‘పురుగు పట్టే పద్ధతి’ అని పెద్దక్షరాలతో ఒక పేజీయే పెట్టాడు. ఆ ప్రేమ ఇవాళ ఎవరి కొంపో ముంచినట్టుందని భయపడ్డాడు.

“నా గులాబీలకి పిండినల్లి పురుగు పట్టింది,” పెద్దాయన కూర్చుంటూనే మొదలెట్టాడు. “రెండొందల కుండీలు. కొట్టని మందు లేదు. పోయినట్టే పోయి మళ్లీ వచ్చేది. ఇక నర్సరీ ఎత్తేద్దామనుకున్నా. మీ సైటు తిరగేస్తుంటే ఈ పేజీ కంటబడింది. ‘కనిపించిన పురుగునల్లా చంపుతూ కూర్చోకు, ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టు. మొత్తాన్ని రెండు సగాలు చెయ్యి. ఏ సగంలో మళ్లీ కనిపిస్తే దాన్ని మళ్లీ సగం చెయ్యి’ అన్నారు చూడండి, నాకు కంఠతా వచ్చేసింది.”

“అలా చేశారా?” అంది భార్య.

“తు.చ. తప్పకుండా చేశానమ్మా. మొక్కలన్నీ కడగడం, సగం వేరే పెట్టడం, వారం ఆగడం. నూరు, యాభై, పాతిక... ఎనిమిదో వారానికి ఒక్క కుండీ తేలింది. పురుగంతా అందులోంచే. దాన్ని పారేశాను, మిగతావన్నీ మొగ్గ తొడిగాయి. మందులమ్మేవాడు చెప్పలేదు, చదువుకున్నవాడు చెప్పలేదు. మీ బుర్రకి దణ్ణం పెట్టాలి బాబూ.”

భార్య మొగుణ్ణి ఎగాదిగా చూసింది. పన్నెండేళ్ల కాపురంలో ఆయన్ని అంత మెచ్చుకోలుగా చూడటం అదే మొదలు. ఆయన మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టు కదిలాడు.

“మీ దగ్గర దాచలేనండీ,” అన్నాడు చివరికి. “ఆ పేజీ కంప్యూటరు ప్రోగ్రాముల గురించి. అందులో పురుగంటే తప్పు అని అర్థం. మొక్కల సంగతే కాదు.”

పెద్దాయన నోరు తెరిచాడు. “గులాబీల గురించి కాదా?”

“కాదు. గులాబీల మీద వేరే పేజీ ఉంది. అది మాత్రం మా బాల్కనీలో పెంచుకుంటూ, దగ్గరుండి చూసి రాశాను.” గొంతులో కాస్త గర్వం తొణికింది.

“తెలుసు. నేను ముందు చదివింది అదే,” అన్నాడు పెద్దాయన మెల్లగా.

“ఇవాళ సైటు మొత్తం మూసేస్తానని కూర్చున్నారు బాబాయిగారూ. మీరైనా గడ్డి పెట్టండి,” అంది భార్య.

పెద్దాయన ప్రోగ్రామరు చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. “అంత పని చెయ్యకండి బాబూ. కంప్యూటరు పేజీలు నూరేళ్లుండాలి. ఆ గులాబీల పేజీ ఒక్కటీ తీసెయ్యండి, చాలు. పంచదార నీళ్లు పోస్తే విరగబూస్తుందని రాశారే, నేను పారేసిన కుండీకి పోసింది అవే.”