ఎర్రకాంతి కింద ఆర్నెల్లు

నెత్తిన జుట్టు లేని మనిషి వడ్డిస్తే తినలేమని ఫిర్యాదు రాసింది మీరే. క్యాంపస్ హాస్టల్ మెస్సులో ప్రమీలమ్మను వడ్డన నుంచి తప్పించి, గిన్నెలు తోమడానికి పంపింది మీ సంతకాలే.

మేనేజర్ ఆర్నెల్ల గడువిచ్చాడు. జుట్టొస్తేనే మళ్లీ వడ్డన అన్నాడు. ఎర్రకాంతి తగిలితే కుదుళ్లలోని కణాలు మేల్కొంటాయేమోనని తార్నాకలో పరిశోధన జరుగుతుంటే, ప్రమీలమ్మ అందులో చేరింది. వారానికి మూడుసార్లు ఎర్రకాంతి వెలిగే టోపీ పెట్టుకుని కూర్చుంది. ఒక్క వెంట్రుకా మొలవలేదు.

చివరి రోజు పరిశోధకురాలు నవత జాబితా చూసి తలదించుకుంది.

"అమ్మా, తేడా తెలిసేటందుకు సగం మందికి ఉత్తుత్తి టోపీ పెడ్తం. మొదట్లనే చెప్పిన గద. నీకొచ్చింది ఉత్తుత్తిదే."

"ఎర్రగ వెలిగితె అసలుదే అనుకున్న బిడ్డా. సోమారం మేనేజరుకు నెత్తి చూపియ్యాలె."

"ఇప్పుడు అసలుది పెడ్త. ఇంకో ఆర్నెల్లు."

"వస్తదా?"

"కుదురు బతికుంటే వస్తది. సచ్చిపోతే ఏ లైటుకూ రాదు."

ప్రమీలమ్మ నెత్తి మీది కొంగు తీసేసింది.

"కాయితం తియ్యి. మేనేజరుకు, సంతకాలు పెట్టిన హాస్టల్ పిల్లలకు. చెప్త, రాయి."

ఒకటి: సోమవారం నుంచి నాకు వడ్డన పని ఇవ్వాలి.

రెండు: అసలు టోపీ పెట్టుకోవాలో వద్దో నేనే తేల్చుకుంటాను.

మూడు: జుట్టు వచ్చినా రాకున్నా, నా నెత్తి చూపించమని ఇకపై ఎవరూ అడగకూడదు.